శ్రీశైలం ఘాట్‌లో మా నాయిన బైక్ దిగి నడిచాడు

బైక్ టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? నెట్‌లో వెతికితే ఒక నంబర్ చెబుతారు. షాపులో అడిగితే ఇంకో నంబర్. మా నాయిన్ని అడిగితే మాత్రం తిరిగి నన్నే అడిగాడు: ‘ఎవరు నడుపుతుండు? యాడ నడుపుతుండు?’

అప్పుడు నవ్వా. ఆ మాటలో ఎంత విషయం ఉందో మరుసటి రోజు ఘాట్ రోడ్డు మీద అర్థమైంది.

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఇల్లు కల్వకుర్తి. నాయిన ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. నాకు ఉద్యోగం వస్తే శ్రీశైలం వస్తానని ఆయన ఎప్పుడో మొక్కుకున్నాడట. ఉద్యోగం వచ్చి ఐదేళ్లైంది. మొక్కు మాత్రం పెండింగ్‌లోనే ఉంది. ‘ఈ శనివారం పోదాం, బైక్ మీదనే’ అని నేనే ఫోన్ చేసి చెప్పా. శుక్రవారం రాత్రి ఇంటికి చేరా.

‘గుండైంది రా ఇది’

శనివారం పొద్దున ఆరింటికి లేచి చూస్తే, నాయిన వాకిట్లో నా బైక్ వెనక టైరు దగ్గర కూర్చొని ఉన్నాడు. బొటనవేలు గోటిని టైరు గీతలో పెట్టి చూస్తున్నాడు.

‘ఎన్ని తిరిగింది?’

‘ఇరవై ఒక్క వేల నాలుగు వందలు. కొన్నప్పటి టైరే.’

‘నడుమ గుండైంది రా ఇది.’

టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు చూపించాడు. కొన్ని టైర్ల మీద అక్కడ టీడబ్ల్యూఐ అని మూడు అక్షరాలుంటాయి. ఆ గుర్తుకు సూటిగా పైకి పోతే, గీతల లోపల అడ్డంగా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. పైనున్న రబ్బరు అరిగి అరిగి ఆ దిమ్మెతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. నా టైరుకు నడుమ భాగంలో దాదాపు సమానంగా ఉంది. మూడేళ్లుగా ఆ బైక్ నడుపుతున్నా. ఆ గుర్తును ఒక్కసారీ చూడలేదు.

‘మార్చినంకనే పోదాం. షాపు తొమ్మిదింటికి తెరుస్తడు’ అన్నాడు.

‘వద్దు నాయినా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన. సేల్‌ల మూడు వందలు తక్కువకొచ్చింది. సోమవారం వస్తది. వానలు గూడ తగ్గినయ్ కదా!’

ఆయన వాదించలేదు. రిటైరైన దగ్గర్నుంచి నాతో వాదించడం తగ్గించాడు. గాలి మాత్రం తన ముందే కొట్టించాడు. ఇంటి పక్కనే ఉన్న పంక్చర్ షాపులో చూస్తే వెనక టైరులో 22 ఉంది. నా బైక్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఒక్కరైతే 28, ఇద్దరైతే 32 అని రాసుంది. అంటే నెలల తరబడి తక్కువ గాలితోనే ఆఫీసుకు తిరిగానన్నమాట. గాలి తక్కువుంటే టైరు తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది, వేడెక్కుతుంది, రబ్బరు తొందరగా అరుగుతుంది. మరీ ఎక్కువ కొట్టినా తప్పే. నడుమ భాగం ఒక్కటే రోడ్డుకు ఆని అక్కడే అరుగుతుంది. ఇంకో సంగతి, గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. యాభై కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే వేడికి లోపలి గాలి ఉబ్బి నంబర్ ఎక్కువ చూపిస్తుంది.

పెంటల దారి

కల్వకుర్తి నుంచి శ్రీశైలం దారి తెలంగాణలో నాకు బాగా ఇష్టమైన రోడ్డు. డిండి దగ్గర చెరువంత వెడల్పుగా నీళ్లు కనిపిస్తాయి. హాజీపూర్ చౌరస్తా దాటి మన్ననూర్ చెక్‌పోస్టు చేరితే అడవి మొదలు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఈ దారిలో బండ్లను వదలరు. ఆ టైము చూసుకునే బయల్దేరాలి.

గేటు దాటగానే గాలి మారిపోతుంది. రెండు పక్కలా చెట్లు, రోడ్డు మీద కోతులు, అక్కడక్కడా స్పీడ్ తగ్గించమనే బోర్డులు. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట... పేర్లు చదివి నవ్వుకుంటాం గానీ, పెంట అంటే ఇక్కడ చెంచుల గూడెం. మన రోడ్డు రాకముందు నుంచీ ఉన్న ఊర్లు అవి.

దారంతా నాయిన వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. హెల్మెట్‌లో సగమే వినిపిస్తోంది. డిపోలో ప్రతి టైరుకూ ఓ నంబరు, అది తిరిగిన కిలోమీటర్లకు ఓ లెక్క ఉండేదట. రబ్బరు అరిగాక పైన కొత్త పొర వేసి మళ్లీ వాడతారు, అదే రీట్రెడ్. ‘గని ముందట చక్రాలకు మాత్రం కొత్తవే ఎయ్యాలె. రీట్రెడ్‌వి వెనకకే’ అన్నాడు. వెనక రెండేసి టైర్లుంటాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి మోస్తుంది. ముందుది పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

‘మరి బైక్‌కు?’

‘బైకుకు రెండే చక్రాలు గదరా. యాదుందా?’

ఆ మలుపు

ఈగలపెంట దాటాక రోడ్డు కృష్ణ వైపు దిగుతుంది. పాము మెలికల్లాంటి మలుపులు. పక్కన చిన్న పిట్టగోడ, దాని అవతల లోయ. సరిగ్గా అక్కడే తుంపర మొదలైంది. పెద్ద వానైతే ఆగేవాణ్నేమో. తుంపరే కదా అని ఆగలేదు.

నిజానికి తుంపరే ఎక్కువ ప్రమాదం. రోడ్డు మీది దుమ్ము, బండ్ల నుంచి కారిన ఆయిల్ ఆ కాసిన్ని నీళ్లతో కలిసి సబ్బులా తయారవుతాయి. గట్టి వానైతే కాసేపటికి వాటిని కడిగేస్తుంది.

ఎడమ మలుపు. ఎదురుగా బస్సు, కొంచెం మా వైపుకే వచ్చింది. కంగారులో వెనక బ్రేకు తొక్కా. బైక్ వెనక భాగం కుడి వైపుకు జారింది. సీటు కింద నుంచి ఎవరో గుంజేసినట్టు. నాయిన చేతులు నా నడుం మీద బిగుసుకున్నాయి. బ్రేకు వదిలా. బైక్ ఒక్క కుదుపు కుదిపి నిటారుగా లేచింది. పిట్టగోడకు బారెడు దూరంలో ఆగాం. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

నా కాళ్లు వణుకుతున్నాయి. నాయిన దిగాడు. తిడతాడనుకున్నా. తిట్టలేదు.

‘నువ్వొక్కనివే మెల్లగ దిగు. నేను నడుస్త.’

‘నాయినా, నీ మోకాలు...’

‘దిగుడే గదా. నడు.’

అరవై ఒక్కేళ్ల మనిషి, మోకాలు నొప్పికి రోజూ మాత్ర వేసుకునే మనిషి, తుంపరలో పిట్టగోడ పక్కన నడుస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు ఫస్ట్ గేర్‌లో వెనకాలే బైక్ మీద. కార్లలో పోయేవాళ్లు అద్దాలు దించి మరీ చూశారు. రెండు మలుపులు అలాగే దిగాం. మూడు వందల రూపాయల డిస్కౌంట్ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది. టెస్టింగ్ చేయకుండా కోడ్ రిలీజ్ చేస్తే ఆఫీసులో జూనియర్ల మీద అరుస్తా. ఇక్కడ నేను చేసింది అంతకన్నా ఘోరం.

తుంపర ఆగి రోడ్డు ఆరాకే ఆయన మళ్లీ ఎక్కాడు.

డ్యామ్ దగ్గర పాఠం

ఆ రోజు శ్రీశైలం డ్యామ్ గేట్లు కొన్ని ఎత్తి ఉన్నాయి. మొత్తం 12 గేట్లు. తుంపర్లు రోడ్డు దాకా వస్తున్నాయి. జనమంతా సెల్ఫీలు తీసుకుంటుంటే మేమిద్దరం టీ తాగుతూ టైరు వైపు చూస్తూ నిలబడ్డాం.

‘సూడు’ అన్నాడు నాయిన. టైరు నడుమ అరచేతి వెడల్పున చదునుగా ఉంది. పక్కలకు మాత్రం కొత్త టైరుకుండే సన్న రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ‘కొత్త టైరు గుండ్రగుంటది. బండి వంగితే అదీ వంగుతది. నీది నడుమ చదునైంది. వంగినప్పుడు ఆ అంచు మీద ఎక్కి దిగుతది. గీతలు గూడ లేవాయె. నీళ్లు యాడికి పోవాలె?’

అసలు సంగతి ఇదే. తిన్నని రోడ్ల మీద తిరిగే బైక్‌కు నడుమే అరుగుతుంది. వెనక టైరు ముందుదానికన్నా తొందరగా పోతుంది. ఎందుకంటే ఇంజిన్ తోపు దాని మీదే, బరువులో ఎక్కువ భాగం కూడా దాని మీదే. దిగుడులో బ్రేకు వేస్తే మాత్రం బరువు ముందుకు పోతుంది, వెనక చక్రం తేలికవుతుంది. అప్పుడు వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగడం ఆగి జారుతుంది. చిన్న గేర్‌లో ఇంజిన్‌తోనే స్పీడ్ తగ్గించి, మలుపు కన్నా ముందే రెండు బ్రేకులూ మెల్లగా వాడాలి. ఆ మలుపులో నేను చేసినవన్నీ దీనికి రివర్స్.

మిగతావి కూడా అడిగా. సిగ్నల్ పడగానే దూకించేవాళ్ల టైరు, మెల్లగా కదిలేవాళ్ల టైరు ఒకేలా అరగవు. ఎండాకాలం కాగిన తారు మీద రబ్బరు మెత్తబడి ఎక్కువ అరుగుతుంది. కంకర తేలిన రోడ్డు ఆకురాయిలా రుద్దుతుంది. చక్రం అలైన్‌మెంట్ తప్పితే ఒక పక్కే పోతుంది. రబ్బరు రకం కూడా ముఖ్యమే. మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ వస్తుంది, పట్టు తక్కువ. అందుకే స్పోర్ట్స్ బైక్ ఉన్న నా ఫ్రెండ్‌కు వెనక టైరు పది వేలకే పోయింది, నాకు ఇరవై దాటింది. ‘నాదే మంచి టైరు’ అని వాడి ముందు గొప్పలు కూడా పోయా!

12 సార్లు

దర్శనం బాగా జరిగింది. మల్లన్న ముందు నాయిన చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. రాత్రి సత్రంలో నిద్ర పట్టలేదు. ఫోన్‌లో లెక్కలు మొదలుపెట్టా. మూడేళ్లలో 21,400 కిలోమీటర్లు. అందులో ఆఫీసుకే 15 వేల పైన. గచ్చిబౌలి నుంచి ఇంటికి రానుపోను 180. బైక్ మీద ఎన్నిసార్లు వచ్చా? పండగలు, పెళ్లిళ్లు అన్నీ కలిపి 12. అంటే 2,160. ఒక టైరు పూర్తిగా అరిగితే, అందులో ఇంటి కోసం అరిగింది పదో వంతు. ‘యాడ నడుపుతుండు’ అనే ప్రశ్నకు నా జవాబు అదీ.

ఆదివారం పొద్దున నాయిన బస్టాండ్‌కు బయల్దేరాడు. ‘నేను బస్సుల పోత. ఒక్కనివైతే బరువు తక్కువుంటది. ఎండ పొడిచినంకనే కదులు.’ గాలి 28కి తగ్గించమని గుర్తుచేశాడు.

నలభై దాటకుండా నడిపా. వచ్చేటప్పుడు చూడనివన్నీ చూశా. కల్వకుర్తి చేరేసరికి నాయిన టైరు షాపు ముందు స్టూల్ మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో కొత్త టైరు. పక్క గోడ మీద నాలుగంకెలు చదివి వినిపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1425 అంటే 2025లో 14వ వారం తయారైందని. ‘పాతది అంటగడుతరు. రబ్బరు వాడకున్నా ముసలిదైతది, పగుళ్లొస్తయ్. అడిగి సూసుకొని కొనాలె.’

‘పైసలు?’

‘ఇచ్చిన. నీ సేల్‌ది వాపస్ అయినంక పంపు.’

మీరూ ఒకసారి చూసుకోండి

ఇది చదవడం అయ్యాక కిందికెళ్లి మీ బైక్ దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. టీడబ్ల్యూఐ గుర్తు వెతికి దిమ్మె దాకా అరిగిందేమో చూడండి. నడుమ చదునైందా, పక్కన పగుళ్లున్నాయా, తారీఖు ఎంత పాతది? ఐదేళ్లు దాటితే కిలోమీటర్లు తక్కువైనా మెకానిక్‌కు చూపించండి. వారానికోసారి గాలి చూడండి. టైరు పక్క గోడకు దెబ్బ తగిలినా, ఉబ్బు వచ్చినా పంక్చర్ వేయించి వాడొద్దు. కొత్త టైరు వేయించాక మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా పోండి, దాని పైపొర నున్నగా ఉంటుంది. ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకునే ముందు ఇవన్నీ ఇంకోసారి చూడండి.

ఇప్పటికి ఐదు నెలలైంది. కొత్త టైరు 3,240 కిలోమీటర్లు తిరిగింది. ఇంటికి 6 సార్లు, అంటే 1,080. మూడో వంతు.

మొన్న వెళ్లినప్పుడు నాయిన మళ్లీ గోరు పెట్టి చూశాడు. ‘ఈ రోడ్డంత తిన్నగనే ఉంటది రా. గిట్లనే వస్తుంటే ఇది గూడ నడుమ అరుగుతది’ అన్నాడు.

అరగనీ.