ఫిల్మ్‌నగర్‌లో ఓ శనివారం: బుడ్డోడు, నేను, ఒక కుక్క

అంతా ఒక రీల్‌తో మొదలైంది. అమెరికాలో ఎక్కడో ఓ పాప నిద్రలో కలవరిస్తూ ఉంటుంది. మంచం పక్కన పడుకున్న లాబ్రడార్ లేచి, మూతితో దుప్పటి లాగి పాపను లేపుతుంది. తర్వాత ఆమె ఒళ్లో తల పెట్టి పడుకుంటుంది. మా అక్క కొడుకు ఆ రీల్‌ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చివరికి ఫోన్ నా చేతిలో పెట్టి అడిగాడు: "పిన్నీ, గిది ఏడ దొరుకుతది?"

వాడికి తొమ్మిదేళ్లు. పోయినేడాది సూర్యాపేట హైవే మీద బావ బండిని లారీ గుద్దినప్పుడు వెనక సీట్లో ఉన్నాడు. వాడికి గీత కూడా పడలేదు. బావ కాలు మాత్రం ఇంకా కుదుటపడలేదు. మొదటి నెల అందరం బావ చుట్టూనే ఉన్నాం. వీడు బాగానే ఉన్నాడుగా అనుకున్నాం. తర్వాత మెల్లగా అర్థమైంది. రాత్రి పక్క తడుపుతున్నాడు. హారన్ వినపడితే చెవులు మూసుకుంటున్నాడు. బొమ్మ లారీతో బొమ్మ బండిని గుద్దించి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ గుద్దిస్తున్నాడు. రోజూ అదే ఆట. ఆటో ఎక్కమంటే రోడ్డు మీదే కూర్చుండిపోతాడు.

పీటీఎస్‌డీ అంటే యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు వచ్చేది అనుకునేదాన్ని. పిల్లల్లో అది ఇలా కూడా కనిపిస్తుందని కౌన్సెలర్ మేడమ్ చెప్పేదాకా తెలీదు. ఇప్పుడు అక్కావాళ్లు నాగోల్‌లో మా ఇంట్లోనే ఉంటున్నారు. ప్రతి శనివారం వాడిని తీసుకుని మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కి వస్తాను. మెట్రో వాడికి ఓకే. దానికి లారీ హారన్ ఉండదు కదా.

కుక్క సంగతి ఆ శనివారమే మేడమ్‌ని అడిగేశాడు. ఆవిడ నవ్వలేదు. "కుక్క మందు కాదు నాన్నా, మందు మింగేటప్పుడు పక్కన కూర్చునే దోస్తు" అంది. సెషన్ అయ్యాక ఇద్దరం నడక మొదలుపెట్టాం. ఇంత పెద్ద ఏరియాలో అలాంటి దోస్తు దొరుకుతుందా అని చూడ్డానికి.

జూబ్లీహిల్స్‌లో కుక్కలకు కొదవేం లేదు. పొద్దున్నే కేబీఆర్ పార్క్ బయటి వాక్‌వేలో హస్కీలు, గోల్డెన్ రిట్రీవర్లు, పేరు పలకడానికి నాలుక తిరగని జాతులూ కనిపిస్తాయి. (హైదరాబాద్ ఎండలో హస్కీని చూస్తే నాకే దాహం వేస్తుంది.) పార్క్ లోపలికి మాత్రం వాటికి ఎంట్రీ లేదు, అది నేషనల్ పార్క్. నెమళ్లు తిరిగే చోటు. ఈ కుక్కలన్నీ పెంపుడువే. బుడ్డోడు అడిగిన కుక్క వేరు.

ఇక్కడ మనం అన్నీ కలిపేస్తుంటాం. సర్వీస్ డాగ్ అంటే ఒక్క మనిషి కోసమే, కొన్ని పనుల కోసమే తయారైన కుక్క. పీడకల నుంచి లేపడం, భయంతో వణుకుతుంటే మీద వాలి బరువు ఆనించడం, జనంలో వెనక నిలబడి కాస్త చోటు చేయడం వంటివి దానికి నేర్పుతారు. ఆ శిక్షణకు ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. థెరపీ డాగ్ అలా కాదు. అది తన హ్యాండ్లర్‌తో కలిసి బడికో, ఆస్పత్రికో వచ్చి చాలామందితో కాసేపు గడిపి వెళ్తుంది. ఇంట్లో మన టామీ మనల్ని ఎంత ప్రేమించినా ఈ రెండిట్లో ఏదీ కాదు.

థెరపీ డాగ్ అనే ఆలోచన కూడా అనుకోకుండానే పుట్టిందట. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే సైకాలజిస్ట్ దగ్గరికి ఎవరితోనూ కలవని ఒక పిల్లాడిని తీసుకొచ్చారు. వాళ్లు టైమ్ కంటే ముందే వచ్చేశారు. గదిలో ఆయన కుక్క జింగిల్స్ ఉంది. అది పోయి పిల్లాడిని నాకింది, వాడు దానికి దగ్గరయ్యాడు. డాక్టర్‌తో మాటలు ఆ తర్వాతే మొదలయ్యాయి. 1961లో ఈ విషయం తోటి సైకాలజిస్టులకు చెప్తే కొందరు నవ్వారు. అయినా 1962లో కుక్కను సహ వైద్యుడిగా చెబుతూ వ్యాసం రాశాడు. ఇప్పుడు ఆ నవ్వు లేదు. 2012 చివర్లో అమెరికాలోని న్యూటౌన్‌లో, శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక, బతికిన పిల్లల దగ్గరికి గోల్డెన్ రిట్రీవర్లను తీసుకొచ్చారు.

ఫిల్మ్‌నగర్ వైపు మళ్లాం. అపోలో ఆస్పత్రి దాటాక రోడ్డు మలుపులు తిరుగుతుంది. ఒకవైపు ఫిల్మ్ చాంబర్, కల్చరల్ సెంటర్, పైన దైవసన్నిధానం. ఇంకోవైపు గుట్ట దిగితే బస్తీలు, రేకుల ఇళ్లు, ఇరుకు మెట్లు. సినిమాల్లో కోట్లు ఖర్చుపెట్టి సెట్ వేసే గల్లీ ఇక్కడ నిజంగానే ఉంటుంది. ఒక పోస్టర్ దగ్గర బుడ్డోడు ఆగాడు. నాకు మాత్రం పాత సినిమాలు గుర్తొచ్చాయి.

పిల్లల మనసుకు తగిలిన దెబ్బ మన సినిమాకి కొత్త కాదు. 1968లో ఎన్టీఆర్ 'రాము' వచ్చింది. మంటల్లో తల్లి చనిపోవడం చూసిన పిల్లాడికి మాట పడిపోతుంది. ఈ కథ ఎక్కడిదో తెలుసా? అంతకుముందు తమిళంలో వచ్చింది. దానికంటే ముందు 1964లో హిందీలో కిశోర్ కుమార్ తీశాడు, సొంత కొడుకు అమిత్‌నే ఆ పిల్లాడిగా పెట్టి. ఆ హిందీ సినిమాకి స్ఫూర్తి 1958 నాటి హాలీవుడ్ సినిమా 'ద ప్రౌడ్ రెబెల్'. అందులో మూగబోయిన పిల్లాడికి నిత్యం తోడుండేది ఓ గొర్రెల కాపలా కుక్క. అంటే బుడ్డోడు రీల్‌లో చూసిన కథే చాలా ఏళ్ల కిందటే ఏదో రూపంలో మన దాకా వచ్చింది!

1987లో చిరంజీవి 'పసివాడి ప్రాణం' కూడా అంతే. హత్యను కళ్లారా చూసిన, మాట్లాడలేని, వినపడని పసివాడి కథ. మొన్న 2022లో కన్నడ '777 చార్లీ'ని రానా తెలుగులో అందించినప్పుడు థియేటర్‌లో నా పక్క సీటాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. (నావి ఆయన చూడలేదనుకుంటా.)

నాకు ఒక్కటే కంప్లైంట్. సినిమాలో గాయం క్లైమాక్స్‌లో మానిపోతుంది. తండ్రికి ప్రమాదం వస్తే పిల్లాడు గట్టిగా అరుస్తాడు, మాట వచ్చేస్తుంది, శుభం కార్డు. మా ఇంట్లోనూ అలాగే ఎదురుచూశాం. "బావ లేచి నడిస్తే వీడు మామూలైపోతాడు" అని అక్క నమ్మింది. బావ కర్ర పట్టుకుని నడిచాడు. ఆ రాత్రి కూడా వీడు పక్క తడిపాడు. మేడమ్ చేస్తున్నది చాలా నిదానమైన పని. జరిగినదాన్ని కొంచెం కొంచెంగా, తట్టుకోగలిగినంతే చెప్పించడం, బొమ్మలు గీయించడం, ఒళ్లు బిగుసుకున్నప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పడం, తల్లిదండ్రుల్ని కూడా అందులో కూర్చోబెట్టడం. పిల్లల పీటీఎస్‌డీకి ముందు ఇవ్వాల్సింది ఈ తరహా చికిత్సే. కుక్క దాని పక్కన నిలబడుతుంది, దాని బదులు కాదు.

మరి పక్కన నిలబడితే ఏమొస్తుంది? యూరప్‌లో ఒక ప్రయోగం చేశారు. మనుషుల్ని అంత తేలిగ్గా నమ్మలేని మగపిల్లలకు కాస్త టెన్షన్ పెట్టే పరీక్ష ఇచ్చారు. కొందరి పక్కన కుక్క, కొందరి పక్కన మంచిగా మాట్లాడే పెద్దమనిషి, మిగతావాళ్లకు బొమ్మ కుక్క. కుక్క ఉన్న పిల్లల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తక్కువగా కనిపించింది. దాన్ని ఎంత ఎక్కువ నిమిరితే అంత తక్కువ. చిన్న ప్రయోగమే, దీంతో అంతా తేలిపోయిందని కాదు. కానీ నాకు అర్థమైంది. మనిషి అయితే "ఏమైంది చెప్పు" అంటాడు. కుక్క ఏమీ అడగదు.

ముంబైలో ఏనిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ వాళ్లు శిక్షణ పొందిన కుక్కలతో పిల్లల మధ్య ఏళ్లుగా పనిచేస్తున్నారు. అమెరికాలో సియాటిల్ వైపు 2004 నుంచి ఎల్లీ అనే లాబ్రడార్ ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేసింది, సాక్ష్యం చెప్పే పిల్లల పక్కన కూర్చోవడమే దాని ఉద్యోగం. మన పోక్సో చట్టం కూడా పిల్లలు నమ్మే ఒక మనిషిని కోర్టులో వాళ్ల దగ్గర ఉండనిస్తుంది. లక్డీకాపూల్ దగ్గరి హాకా భవన్‌లో పోలీసుల భరోసా సెంటర్ 2016 నుంచి నడుస్తోంది. అలాంటి చోట ఓ మూల చాప మీద నెమ్మదైన కుక్క ఒకటి పడుకుని ఉంటే ఎలా ఉంటుంది? ఊహించడానికి ఖర్చేం లేదుగా.

జూబ్లీహిల్స్‌లోనే 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది. గాయపడ్డ వీధి జంతువులకు వైద్యం, కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, దత్తత... వాళ్ల పని అది. సర్వీస్ డాగ్‌ని తయారుచేయడం వేరే విద్య. ప్రతి నెమ్మదైన కుక్కా దానికి పనికిరాదు. ఇంకో మాట, కుక్కకూ అలసట ఉంటుంది. రోజంతా పిల్లల ఏడుపు మోయమంటే అదీ తట్టుకోలేదు.

ఇంత రాశాక ఒకటి దాచిపెట్టడం తప్పు. 2023 ఫిబ్రవరిలో ఇదే హైదరాబాద్‌లో, అంబర్‌పేటలో, నాలుగేళ్ల పిల్లాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ సీసీటీవీ వీడియో మన అందరి ఫోన్లలోకీ వచ్చింది. చూడకుండా ఉండాల్సింది, చూశాం. ఈ ఊళ్లో చాలామంది పిల్లలకు కుక్క అంటేనే పీడకల. వాళ్ల దగ్గరికి "కుక్క మంచిది" అంటూ కుక్కను తీసుకెళ్లడం వైద్యం కాదు, ఇంకో దెబ్బ. మేడమ్ కూడా మావాడిని ముందు అడిగిన ప్రశ్న అదే, "నీకు కుక్కంటే భయమా, ఇష్టమా?"

గుట్ట దిగి, బస్తీ మొదట్లో మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగాం. బండి కింద గోధుమరంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. చెవి చివర చిన్న గాటు, అంటే ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టు గుర్తు.

"కరుస్తదా అక్కా?" అని అడిగాను.

"పుష్పనా? గదేం జేస్తదమ్మా. నా బండితోటే వస్తది, నా బండితోటే పోతది" అంది బండి ఆమె.

అయినా ముట్టుకోవద్దని చెప్పాను. తెలియని కుక్కను ముట్టుకోకూడదు, కళ్లలోకి గుచ్చి చూడకూడదు, పరిగెత్తకూడదు. వాడు తలూపి రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నాడు. పుష్ప ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. వాడు దానితో ఏదో గుసగుసలాడాడు. లారీ అన్న ఒక్క మాట నా చెవిన పడింది. నేను బజ్జీల వైపు తిరిగాను.

ఇంతలో వెనక నుంచి వాటర్ ట్యాంకర్ హారన్. వాడి చేతులు చెవుల మీదికి వెళ్లిపోయాయి. భుజాలు బిగుసుకున్నాయి. పుష్ప చెవి ఒక్కటి కదిలింది, అంతే. ట్యాంకర్ వెళ్లేదాకా వాడు ఆ చెవినే చూస్తున్నాడు. చేతులు తీయడానికి టైమ్ పట్టింది, కానీ ఇదివరకటంత కాదు. లేదా నాకే అలా అనిపించిందేమో.

చీకటి పడుతోంది. ఆటో పిలిచాను. వాడు ఆటో దాకా వచ్చాడు, రాడ్ పట్టుకున్నాడు, లోపలికి తొంగి చూశాడు.

"పిన్నీ, నడుసుకుంటనే పోదామా?"

"పోదాం పా" అన్నాను. ఆటో అన్నకు సారీ చెప్పి, చెక్‌పోస్ట్ వైపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. మలుపు దాకా పుష్ప మా వెనకే వచ్చింది. అక్కడ ఆగి, తన బండి దగ్గరికి వెళ్లిపోయింది.

(మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీ. పిల్లలకు ఆపద ఉంటే 1098.)