ఇంటిపేరు రక్తానిదా, భూమిదా?

మానవుడు తన మూలాన్ని అన్వేషించడానికి పూనుకొన్నప్పుడు అతని చేతిలో ఉండేది సాధారణంగా ఒక్క పేరు మాత్రమే. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో నివసించే జర్మన్ సంతతి వృద్ధుడొకనికి ఉన్నదీ అంతే. జర్మనీలో ఉత్తర వెస్ట్‌ఫాలియాకు చెందిన ఒక గ్రామంలోని వ్యవసాయ క్షేత్రానిది ఆ పేరు. తమ రక్తం అనాదిగా ఆ క్షేత్రానిదేనని ఆ కుటుంబీకుల దృఢ విశ్వాసం.

ఆ వృద్ధుని కుమార్తె ఒక బాలుణ్ణి దత్తత తీసుకొన్నది. వంశవృక్షంలో అతని పేరు చేర్చడానికి వృద్ధుని సోదరులు సమ్మతించలేదు. అది రక్తసంబంధీకుల పట్టిక అన్నారు. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. ముందు ఆ పట్టిక నిజమో కాదో తేల్చుకొనవలెనని జర్మనీకి ప్రయాణమయ్యాడు.

వంశాన్వేషణలో ఎప్పుడూ తెలిసినదాని నుండి తెలియనిదానికి, వెనుకకు నడవాలి. ప్రష్యా రాజ్యంలో 1874 అక్టోబరు 1 నుండి, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుండి జనన వివాహ మరణాలను ప్రభుత్వమే నమోదు చేసింది. అంతకు పూర్వపు సాక్ష్యం ప్రధానంగా చర్చి పుస్తకాలలోనే లభిస్తుంది. 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్ గురువులకు ఈ నమోదును విధిగా చేసింది. 1614 నాటి రోమన్ కర్మవిధి గ్రంథం మరణాలను కూడా చేర్చింది. అయినా 1618 నుండి 1648 వరకు సాగిన ముప్పది సంవత్సరాల యుద్ధంలో అనేక గ్రామాల పుస్తకాలు నశించాయి.

మిగిలినవాటిని చదవడం కూడా ఒక తపస్సే. కుర్రెంట్ అనే ప్రాచీన లిపిలో 'ఎ', 'న' ధ్వనుల అక్షరాలు ఇంచుమించు ఒకే రూపంలో ఉంటాయి. కాథలిక్ గురువులు తరచుగా లాటిన్‌లో వ్రాయడం వలన యోహాన్ అనేవాడు పుస్తకంలో జోహాన్నెస్ అవుతాడు. శిశువు పుట్టిన తేదీకి బదులు జ్ఞానస్నానపు తేదీ మాత్రమే ఉండవచ్చు. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉండడం ఒక భాగ్యం. ఒకే పేరుగల ఇద్దరిలో మనవాడెవడో చాలాసార్లు వారి వలననే తేలుతుంది.

వృద్ధుడు ఒక్కొక్క తరమే వెనుకకు వెళ్ళాడు. అమెరికాకు వలస వచ్చిన పూర్వజుని జ్ఞానస్నానం దొరికింది. అతని తల్లిదండ్రుల వివాహం దొరికింది. అతని తాత వద్దకు చేరగానే మార్గం ఆగిపోయింది. ఆ పేరుతో తాత పుట్టిన దాఖలా ఎక్కడా లేదు. వివాహపు పుస్తకంలో మాత్రం వరుని పేరు వేరొకటి. దాని ప్రక్కన 'గెనాంట్' అనే మాట, ఆ తరువాత క్షేత్రం పేరు. గెనాంట్ అనగా 'అనబడువాడు'.

తెలుగువారు వంశనామాన్ని ఇంటిపేరు అంటారు. వెస్ట్‌ఫాలియా కర్షకుని విషయంలో ఈ మాట అక్షరాలా సత్యం. అక్కడ పేరు ఇంటిది, క్షేత్రానిది. ఇల్లరికం వచ్చిన తెలుగు అల్లుడు సాధారణంగా తన ఇంటిపేరును విడువడు. అక్కడ క్షేత్రంలోకి వివాహం ద్వారా ప్రవేశించిన పురుషుడు క్షేత్రనామాన్నే ధరించేవాడు, అతని సంతానానికీ అదే సంక్రమించేది. అనుమతి లేకుండా పేరు మార్చుకొనరాదని 1822లో ప్రష్యా రాజు శాసించిన పిదప ఈ ఆచారం క్రమంగా సన్నగిల్లింది.

ఇక వధువెవరు? క్షేత్రపు ఆడపడుచా? అలా అయినా రక్తసంబంధం నిలిచేది. కాని ఆమె వితంతువు. ఆమె కూడా పొరుగూరి నుండి కోడలిగా వచ్చినదే. మొదటి భర్త ఖనన నమోదు, అతని ఏకైక శిశువు ఖనన నమోదు ఒకే పుటలో ఉన్నాయి. కొన్ని మాసాలకే పునర్వివాహం.

ఇంత త్వర ఎందుకో చర్చి పుస్తకం చెప్పదు. దానికి సమాధానం భూమి పత్రాలలో ఉన్నది. ఆ కాలంలో అక్కడి కర్షకులలో అనేకులు భూస్వామికి గాని మఠానికి గాని బద్ధులు. గృహస్థు మరణిస్తే చరాస్తిలో భాగం స్వామికి మరణశుల్కంగా పోయేది. క్రొత్తగా వచ్చేవాడు ప్రవేశశుల్కం చెల్లించాలి. మఠపు లెక్కల పుస్తకంలో ఆ వితంతువు ఇంటి ఆవులు, గుఱ్ఱం, పాత్రలు వరుసగా వ్రాసి ఉన్నాయి. దాని క్రింద రెండవ భర్త ప్రవేశశుల్కం. అతడు భూమిలేని కౌలు కూలీ కుమారుడు. పంట కోతకు మగవాడు లేకపోతే కౌలు చెల్లదు, కౌలు చెల్లకపోతే క్షేత్రం దక్కదు. బిడ్డను పోగొట్టుకొన్న ఆ స్త్రీ దుఃఖానికి లభించిన గడువు అంతమాత్రమే.

తమ వంశం గర్వించిన రక్తం ఆ పుటలోనే సమాప్తమైనదని వృద్ధుడు గ్రహించాడు. తరువాత వచ్చినవారందరూ, తానూ, ఆ ఇంటిని నిలబెట్టడానికి బయటినుండి వచ్చిన ఇద్దరి సంతానం. ఆ పేరు వారికి జన్మతో రాలేదు, ఇల్లు ఇచ్చింది.

ఆయన ఇంకొక విషయం కూడా గమనించాడు. గ్రామగురువు క్రొత్త పేరు వ్రాస్తూ పాత పేరును కొట్టివేయలేదు. కూలీ అయిన తండ్రి పేరు నేటికీ ఆ పుటలో చెక్కుచెదరక ఉన్నది.

స్వదేశానికి తిరిగివచ్చి వృద్ధుడు సోదరులతో వాదించలేదు. ఆ రెండు పుటల ప్రతిబింబాలను వారి ముందుంచాడు. ఒకరు చదివి ఊరకున్నారు, మరొకరు ఇప్పటికీ అంగీకరించలేదు. ఆయన మాత్రం వంశవృక్షంలో కుమార్తె పేరు క్రింద బాలుని పేరు వ్రాశాడు. ముందు అతని జన్మనామం, తరువాత గెనాంట్, ఆపైన తమ ఇంటిపేరు.