పడవెక్కి మద్రాసు పోదామా?

‘అందాల రాముడు’ (1973)లో అక్కినేని, లత లాంచీలో గోదావరి మీద సాగిపోతుంటే చూసిన కుర్రజంటలకి ఒకటే కోరిక – సొంత పడవుంటే మనమూ అలా పోలేమా అని!

అమృతలూరు జంటకి గోదావరి దాకా ఎందుకండీ? తెనాలి దాటితే దుగ్గిరాల. అక్కడ లాకుల దగ్గర కృష్ణ కాలవలుగా చీలుతుంది. అందులో కొమ్మమూరు కాలవ 113 కిలోమీటర్లు సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవని అందుకుంటుంది. ఇక తిన్నగా మద్రాసే! ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కట్టెలు, మనుషులూ ఆ దారినే వెళ్ళేవి. గాలుంటే తెరచాప, లేకుంటే గట్టు మీంచి తాడు కట్టి లాగడమే.

అయితే ఈ నీటిబాట షికార్ల కోసం పుట్టలేదు. మద్రాసులో అడయారునీ కూవాన్నీ కలిపే ముక్కని ధాత కరువులో, 1877-78లో, కూటికోసం వచ్చిన కూలీలు తవ్వారు.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలవల్ని నాలుగో జాతీయ జలమార్గమన్నారు. కాగితం మీద దారి వుంది. కాలవలో మాత్రం గుర్రపుడెక్క, తలకి తగిలే వంతెనలు! కరువులో ఆకలి మనుషులు తవ్విన దారిని కడుపు నిండిన రోజుల్లో పూడ్చుకుంటామా?

అందాకా జంటగా గట్టు వెంట సైకిలెక్కండి. వేసవిలో మాత్రం వద్దు, కాలవలు కట్టేస్తారు!