వెనుక కిటికీ

రైలు డ్రైవరు రాబోయేదానిని చూస్తాడు. గార్డు దాటిపోయినదానిని చూస్తాడు. బిలాస్‌పూర్‌లో ముప్పయ్యారేళ్లు గూడ్సు గార్డుగా పనిచేసి 2016లో రిటైరైన ఒక పెద్దమనిషికి, అరవై ఏడవ ఏట, అమెరికా ఎడారిలో మళ్లీ ఆ స్థానమే లభించింది. ఈసారి మాత్రం ఎదుట భార్య కూర్చుని ఉన్నది.

వారి కాపురం లింగియాడీహ్‌లో. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్లెందరో రైల్వే కొలువుల కోసం బిలాస్‌పూర్ చేరి అక్కడే స్థిరపడిపోయారు. ఈయన తండ్రీ అలా వచ్చినవాడే. కొడుకు బతుకంతా కోర్బా బొగ్గు బండ్ల వెనుక గడిచింది. 2022లో గార్డు అన్న పేరు తీసి ట్రైన్ మేనేజర్ అని గౌరవంగా మార్చారు గాని, అప్పటికే ఇంట్లో కూర్చున్న ఈయనకు ఆ వైభవం దక్కలేదు. అర్ధరాత్రి కాల్ బాయ్ తలుపు తట్టగానే లేచి, టిఫిను డబ్బా పట్టుకుని చీకట్లో కలిసిపోయే మనిషి — ఆమె ఎరిగిన భర్త అంతవరకే. ఇద్దరూ వరుసగా పదిరోజులు ఒక్క కప్పు కింద గడిపిన జ్ఞాపకం ఆమెకు లేదు.

2023 అక్టోబరులో, ఫీనిక్సులో ఉంటున్న కూతురూ అల్లుడూ వారిద్దరి కోసం ఒక ఇంటిబండి అద్దెకు తీసుకున్నారు. అక్కడివాళ్లు దానిని ఆర్వీ అంటారు. పాతిక అడుగుల పొడవు; లోపల పడక, పొయ్యి, స్నానాల గది, వెనుక కిటికీ దగ్గర బల్లా, ఎదురెదురుగా సీట్లూ. అల్లుడు నడుపుతాడు, కూతురు అతని పక్కన. పెద్దాయన బండి అంతా ఒకసారి పరిశీలించి, "ఇది బ్రేక్ వ్యానే. లైటొకటి ఎక్కువ," అన్నాడు. అని, వెనుక కిటికీ కనబడే సీటులో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి కూర్చుంటే కళ్లు తిరుగుతాయని ఆమె ఎదుటి సీటులో, ముందువైపు చూస్తూ కూర్చున్నది.

ప్రతి ఉదయం నీటి గొట్టాలూ కరెంటు తీగా విప్పిన తరువాత ఆయన బండి చుట్టూ తిరిగి, వెనుక నిలబడి చెయ్యెత్తేవాడు. అది కనబడితేగాని అల్లుడు బండి కదిపేవాడు కాడు. నీళ్ల లెక్క ఆమెది. రోజుకు సరిపోతుందనుకున్న ట్యాంకును ఆమె రెండు రోజులకు పైగా నడిపింది. వేసవిలో ఇసుక తేలే అర్పా నది ఒడ్డున కాపురం చేసినదానికి ఎడారి ఒక లెక్కా!

పేజ్ అనే ఊరు దాటగానే ఒక చిక్కు వచ్చింది. ఆరిజోనాలో వేసవికి గడియారాలు మార్చరు. అందులోనే ఉన్న నవాహో జాతివారి నేల మీద మారుస్తారు. ఒక గీత దాటగానే గంట ముందుకు పోయింది. గార్డు జర్నలులో నిమిషం తప్పు రాయని మనిషి గదా, ఆయనకు ఇది అవమానంగా తోచింది. "ఇట్లా ఐతే బండ్లు ఢీకొనవూ?" అని వాచీని కోపంగా చూశాడు.

జవాబన్నట్లు ఆ దారి పక్కనే ఒక రైలుకట్ట కనిపించింది. కయెంటా గని బొగ్గును పేజ్ దగ్గరి విద్యుత్కేంద్రానికి చేర్చడానికి 1973 నుంచి 2019 దాకా నడిచిన మార్గమది; పొడవు 78 మైళ్లు. దేశంలోని మరే రైలుమార్గంతోనూ అది కలిసేది కాదు. మన తీగల్లో 25 వేల వోల్టులు ప్రవహిస్తే, అక్కడ 50 వేలు. విద్యుత్కేంద్రం 2019లో మూతపడింది. దాని మూడు పొగగొట్టాలనూ 2020 డిసెంబరులో పేల్చి పడగొట్టారు. అల్లుడు ఇదంతా ఫోనులో చూసి చదువుతూ బండి ఆపాడు. పెద్దాయన దిగలేదు. బొగ్గు బండి రాని ఆ కట్టను చాలాసేపు కిటికీలోంచే చూసి, భార్యతో మెల్లగా అన్నాడు:

"మీ నాన్నగారు పోయినప్పుడు నాకు కబురు అందలేదన్నాను. అందింది. రాత్రి పదింటికే అందింది."

అది 1986 నాటి మాట. విజయనగరం నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇద్దరు పసిపిల్లలతో ఆమె భర్త కోసం ఎదురుచూసింది. ఆయన మర్నాడు సాయంత్రం ఇల్లు చేరాడు. వారు విజయనగరం వెళ్లేసరికి దహనం ఐపోయింది. ఆ రాత్రి ఆయన బండి ఒక చిన్న స్టేషనులో లూపు లైనులో నిలిచిపోయిందనీ, మరొక గార్డు వచ్చి అందుకునేదాకా బండిని వదలి కదలడానికి వీల్లేకపోయిందనీ ఆమెకు ఇప్పుడు తెలిసింది. "తెలిసీ రాలేదంటే నువ్వు తట్టుకోలేవనుకున్నాను," అన్నాడాయన.

ఆమె ఏమీ అనలేదు. ఆ రోజంతా ఏమీ అనలేదు. "మీ నాన్నను టీ తాగమను," అని కూతురితో చెప్పింది; ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు.

మాన్యుమెంట్ వ్యాలీలో ఎర్రరాతి గుట్టలు నేల మీద నుంచి ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. వాటిలో రెండు బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగుల్లా ఉంటాయి. సూర్యాస్తమయాన అవి నిప్పుకణికల్లా వెలిగి, చూస్తుండగానే నల్లబడిపోయాయి. నక్షత్రాలు చూద్దామని అల్లుడు బండిలో దీపాలన్నీ ఆర్పి, భార్యతో బయటికి వెళ్లాడు.

"ఆ వ్యానులో ఇంత చీకటేనా?" అన్నది ఆమె.

"ఇంకా ఎక్కువ. వానాకాలం. చుక్కలు కూడా లేవు."

"చేతి లాంతరు ఉండేది గదా?"

"తోకదీపానికి కిరసనాయిలు చాలదేమోనని ఆర్పేశాను."

"ఏం తిన్నారు?"

"స్టేషను మాస్టరు రెండు రొట్టెలు పంపాడు."

"తిన్నారా?"

"తిన్నాను. ఆకలేసింది."

ఆమె కొంతసేపు ఊరుకున్నది. "ఆ రోజే చెప్పి ఉంటే ఒక ఏడాది తిట్టి ఉండేదాన్ని. అంతేగదా. ముప్పయ్యేడేళ్లు ఎందుకు దాచారండీ?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. బయట కూతురు ఏదో చుక్కను చూపిస్తూ తల్లిని పిలుస్తున్నది. ఆమె లేవలేదు.

మర్నాడు ఆయన యథాప్రకారం వెనుక నిలబడి చెయ్యెత్తి, లోపలికి వచ్చేసరికి ఆమె ఆయన సీటులో కిటికీ వైపు జరిగి కూర్చుని ఉన్నది. పక్కన చోటు ఉంచింది. బండి కదిలింది. గుట్టలు వెనక్కి పోసాగాయి; ఎంత దూరం పోయినా కనబడుతూనే ఉన్నాయి. ఆయన నోటుపుస్తకం తెరిచి, బయలుదేరిన వేళ ఏ లెక్కన రాయాలో తోచక కలం పట్టుకుని ఆగిపోయాడు.

"రెండూ రాయండి," అన్నది ఆమె, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.