పడుకునే ముందు ఒక పని కథ

పిల్లలను నిద్రపుచ్చడానికి మనం చెప్పే కథల్లో సగం రాజులవే. రాజు వేటకు పోతాడు, పులి ఎదురవుతుంది. లేదంటే పక్క రాజ్యం మీదికి దండెత్తుతాడు. కత్తులు దూసే ఘట్టం వచ్చేసరికి మూతపడుతున్న కళ్లు కాస్తా మళ్లీ తెరుచుకుంటాయి. "తర్వాత ఏమైంది?" అంటూ లేచి కూర్చుంటారు. మా అవ్వకు ఈ తిప్పలు ఉండేవి కావు. ఆమె రాజుల కథలు కాదు, పనులు చెప్పేది. చెరువు నీళ్లు చూసే నీరటి తాత పొద్దున లేచి ఏం చేస్తాడు, ఆ తర్వాత ఏం చేస్తాడు, ఇంకా తర్వాత ఏం చేస్తాడు, అంతే. అందులో పులి రాదు, దండు రాదు. ఒక పని అయిపోతే దాని వెంట రావలసిన పని వస్తుంది. వినేవాళ్లకు భయం లేదు, తొందర లేదు. చెరువు నీళ్లు చివరి మడికి చేరేలోపు మేం నిద్రలోకి జారుకునేవాళ్లం.

ఆమె మాకు చెప్పింది చరిత్రేనని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు అన్నీ పాలమూరు జిల్లాలోవే. సంస్థానాల నేల ఇది. గద్వాల కోట సోమనాద్రి కట్టించాడని ఆ ఊళ్లో బడిపిల్లలు కూడా చెబుతారు. విద్వద్గద్వాల అన్న బిరుదు ఎందుకు వచ్చిందో సాహిత్య చరిత్రలు చెబుతాయి. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది కాబట్టి ఆ గోడలూ అందరికీ తెలుసు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాల కాలం ముగిసింది, రాజుల పేర్లు మాత్రం నిలిచాయి. ఆ కోటల్లో వంటశాలలకు బియ్యం పండించిన చెరువుల తూములు ఎవరు తీసేవారో, ఎవరు మూసేవారో అడిగితే చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

కాబట్టి నీరటి తాతతోనే మొదలుపెడతాను. కొన్ని ఊళ్లలో నీరడి అంటారు, కొన్ని ఊళ్లలో నీరటికాడు అంటారు. వనపర్తి సంస్థానంలో తవ్వించిన పెద్ద చెరువులను సప్త సముద్రాలని పిలుస్తారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి చుట్టూ పరుచుకున్న రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం అందులోవే. నాగర్‌కర్నూల్‌కు కేసరి సముద్రం ఉంది. ఇంత మెట్ట నేలలో చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడంలోనే నీళ్ల మీద ఎంత ఆశ ఉందో తెలుస్తుంది. ఆ ఆశకు కాపలా నీరటి.

తెల్లవారకముందే ఆయన కట్ట మీద ఉంటాడు. భుజాన పార, తలకు రుమాలు, చేతిలో కట్టె. ముందు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తాడు. నడకంటే ఊరికే నడక కాదు. చూపు కట్ట బయటి వాలు మీద ఉంటుంది. ఎక్కడైనా నేల తడిగా కనిపిస్తే ఆగుతాడు. ఎండ్రకాయ బొక్క పెట్టిందా, ఎలుక తవ్విందా అని వంగి చూస్తాడు. వేలు పట్టే బొక్క వారం దాటితే చెయ్యి పడుతుంది, వాన పడితే కట్టే పోతుంది. అందుకే అప్పటికప్పుడు మట్టి తెచ్చి, తడిపి, మడమతో తొక్కి పూడుస్తాడు. అలుగు దగ్గరికి పోయి రాళ్ల సందుల్లో చెత్త పేరుకుందేమో చూస్తాడు. ఆ తర్వాతే తూము.

పాత చెరువుల్లో తూము ఇప్పటికీ చూడవచ్చు. నీళ్లలో నిలబడిన రెండు రాతి కంబాలు, వాటికి అడ్డంగా వేసిన రాళ్లు, ఆ రాళ్ల నడిమి రంధ్రాల్లోంచి కిందికి దిగే పొడవాటి కర్ర. కర్ర కొసన బిరడా. అడుగున ఉన్న రాతి పలకలో ఒక రంధ్రం. బిరడా ఆ రంధ్రంలో కూర్చుంటే చెరువు మూసుకున్నట్టు, లేస్తే తెరుచుకున్నట్టు. నీరటి రుమాలు విప్పి ఒడ్డున పెట్టి, చలికాలమైనా సరే నీళ్లలోకి దిగుతాడు. కంబం పట్టుకుని పైకెక్కి, కర్రను కొద్దిగా లేపి, మేకుతో నిలుపుతాడు. ఎంత లేపాలో ఆయన చేతికి తెలుసు. కట్ట అవతల కాలువలో నీళ్ల చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వింటూ కాసేపు అట్లాగే ఉంటాడు. ఎక్కువైందనిపిస్తే కొద్దిగా దించుతాడు.

ఇక కాలువ వెంట నడక. తుంగ పెరిగిన చోట పారతో కోస్తాడు, గండి పడిన చోట మట్టి వేస్తాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు మళ్లించాలో ఆయనే చూడాలి. గడియారం లేదు, పుస్తకం లేదు. నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి మడవ కడతాడు, మడవ తీస్తాడు.

"తాతా, ఇయ్యాల మా మడికి నీళ్లొస్తయా?" అని దారిలో ఎవరో అడుగుతారు.

"వంతొస్తే వస్తయి బిడ్డా. పై మడి తడవనీ," అంటాడు.

వానలు సరిగ్గా లేని ఏడు యాసంగికి తైబందీ చేసేవారు. ఉన్న నీళ్లకు ఎంత భూమి తడుస్తుందో ముందే తేల్చుకుని, అంతమేరకే నాట్లు వేయడం. అప్పుడు నీరటి పని ఇంకా కష్టం. దాయాదులైనా, దొరలైనా నీళ్ల దగ్గర ఒత్తిడి పెడతారు. రాత్రిపూట దొంగతనంగా మడవ తెంపేవాళ్లుంటారు. అందుకే లాంతరు పట్టుకుని ఒకసారి కాలువ చూసి వచ్చి గానీ పడుకునేవాడు కాదు. దీనికంతటికీ కూలి కళ్లం దగ్గర. పంట నూర్చిన నాడు ప్రతి రైతూ కొలిచి ఇచ్చే గింజలే.

గద్వాల దిక్కుకు పోదాం. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఆ నేలను నడిగడ్డ అంటారు. ఈ గడ్డ నుంచి వనపర్తి దిక్కు పోవాలంటే కృష్ణ దాటాలి. వంతెనలు రాకముందు ఆ దాటించే పని పుట్టి నడిపేవాళ్లది. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట, దానికి బయట తోలు. తర్వాతి రోజుల్లో తోలు పోయి తారు పూసిన పట్టాలు వచ్చాయి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్ ఆనెగొంది దగ్గర తుంగభద్రలో ఇవే పుట్టులను చూశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తం, బయట తోలని, పదిహేను ఇరవై మంది పడతారని, తెడ్డు వేస్తుంటే గిరగిరా తిరుగుతూ పోతాయని రాసిపెట్టాడు. ఆ నదే దిగువకు వచ్చి అలంపురం పక్కనుంచి పారి కృష్ణలో కలుస్తుంది. ఆయన చూసిన తెడ్డు వేసే పద్ధతి మన రేవుల్లో నిన్నమొన్నటిదాకా ఉంది. గద్వాల దగ్గర కృష్ణ నడుమ దీవిలా ఉన్న గుర్రంగడ్డ వాసులకు పుట్టి ప్రయాణం చాలాకాలం రోజువారీ సంగతే.

పుట్టి నడిపే ఆయన రోజు పుట్టిని తిరగేయడంతో మొదలవుతుంది. రాత్రంతా ఇసుక మీద బోర్లించి ఉంచుతాడు, తోలు ఆరకపోతే కుళ్లుతుంది. పొద్దున్నే వెల్లకిలా తిప్పి, అతుకులన్నీ వేళ్లతో తడిమి చూస్తాడు. తర్వాత నదిని చూస్తాడు. నిన్న సాయంత్రం తేలిన రాయి ఇవాళ మునిగిందా? నీళ్ల రంగు మారిందా? ఎర్రబడితే ఎగువన వాన పడ్డట్టు. మనుషులు వచ్చాక వాళ్లను ఎక్కించడంలోనూ ఒక పద్ధతి ఉంది. బరువైన మూటలు నడుమ, మనుషులు చుట్టూ, పిల్లలు తల్లుల ఒళ్లో. ఒకరు ఇటు లేస్తే ఇంకొకరు అటు సర్దుకోవాలి. పుట్టికి ముందూ లేదు, వెనుకా లేదు. తెడ్డు ఒక పక్క వేస్తే తిరుగుతుంది, రెండు పక్కలా మార్చి మార్చి వేస్తే సాగుతుంది. ప్రవాహం కిందికి ఈడుస్తుంది కాబట్టి చేరాల్సిన రేవుకు బాగా ఎగువన నీళ్లలోకి దిగుతాడు. అవతలి ఒడ్డున మనుషులను దించి, పుట్టిని తలకెత్తుకుని ఒడ్డు వెంట పైకి నడిచి, అక్కడినుంచి తిరుగు ప్రయాణం. మా అవ్వ పుట్టిల్లు వనపర్తి దిక్కు. పెళ్లయి నడిగడ్డకు వచ్చింది. ఏడుస్తూ పుట్టి ఎక్కితే, "ఏడ్వకు బిడ్డా, పండుగకు నేనే దాటిస్త" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో పుట్టింటి వాళ్ల మీద ఎంత ప్రేమ ఉండేదో, ఆయన మీదా అంతే ఉండేది.

మెట్ట చేలల్లో మోట కొట్టేవాళ్లుండేవారు. నాలుగో జాముకే ఎడ్లను కట్టేవారు. ఎడ్లు బావి దగ్గర నుంచి వాలుగా ఉన్న దారిలో కిందికి నడిస్తే తోలు బొక్కెన పైకి వస్తుంది. మోకు మీద మనిషి కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. తొండం లోంచి నీళ్లు తొట్లో పడతాయి. ఎడ్లు వెనక్కి అడుగులేస్తూ పైకి వస్తే బొక్కెన మళ్లీ బావిలోకి. ఇట్లా పొద్దెక్కేదాకా. పాట లేకుండా ఆ పని సాగేది కాదు. మనిషి పాటకు ఎడ్లు అలవాటుపడి, పాట ఆగితే అవీ ఆగేవి. కరెంటు మోటార్లు వచ్చాక మోటా పోయింది, దాన్ని కుట్టే పనితనమూ పోయింది, ఆ పాటల్లో ఎక్కువ భాగమూ పోయింది.

ఈ పనుల్లో పోకుండా నిలిచింది గద్వాల మగ్గం. నూలు ఒడలు, పట్టు అంచు, జరీ కొంగు ఒకే చీరలో కలవాలంటే మూడు నాడెలు కావాలి. అంచులకు రెండు, ఒడలికి ఒకటి. ఒడలి పోగు, అంచు పోగు కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలివేసి కొండి పడాలి. ప్రతి పోగుకూ పడాలి. ఇద్దరు కూర్చుని నేస్తేగాని కుదరని పని. ఈ నేతకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏరువాడ జోడు పంచెలు పంపే ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది. అవి నేసే రోజుల్లో నేతగాళ్లు దీక్షలో ఉన్నట్టు నియమంగా ఉంటారు. పొద్దున్నే స్నానం చేసి, దండం పెట్టుకుని, అప్పుడు మగ్గం ఎక్కుతారు. ఈ పని బతకడానికి కారణం చేతి నైపుణ్యం ఒక్కటే కాదు. ఏడాదికొకసారి ఆ పంచెల కోసం ఎదురుచూసే చోటు ఒకటుంది. నీరటి నైపుణ్యం తక్కువదేం కాదు. ఆయన కోసం ఎదురుచూసే చోటే లేకుండా పోయింది.

ఈ పనులను తలుచుకుని ఆ కాలమే మేలని అంటే అది అన్యాయం. ప్రశాంతంగా కనిపించే ఆ రోజువారీ నడక వెనుక వెట్టి ఉంది. నీరటి, మస్కూరి, తలారి పనులు చేసినవాళ్లలో ఎక్కువమంది అట్టడుగు కులాలవాళ్లు. కళ్లంలో గింజలు రైతు దయను బట్టి ఉండేవి. దొర గడీలో కబురందితే చేస్తున్న పని వదిలి పోవాలి, దానికి గింజ కూడా రాదు. ఆ వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి కూడినప్పుడు అధ్యక్షత వహించింది ఈ నడిగడ్డలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించిందీ ఆయనే. రాజుల వంశావళిని పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పనులు చేశారు అని వెతికిన పుస్తకం అది. మన నేలలో పుట్టిన మనిషే మనకు చరిత్ర చూసే దారి చూపించాడు. వెట్టి పోవడం మంచిదే. దానితోపాటు పనిలోని తెలివిని కూడా మరిచిపోవడం మంచిది కాదు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పాత గ్రామసేవకుల వారసులు గ్రామ రెవెన్యూ సహాయకులుగా, అంటే వీఆర్‌ఏలుగా కొనసాగారు. 2023లో ఆ వ్యవస్థనూ తీసేసి వాళ్లను వేరే వేరే శాఖల్లోకి సర్దారు. ఉద్యోగ భద్రత దొరికింది, సంతోషం. ఇటు 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీశారు, కట్టలు బాగు చేశారు, తూములు మరమ్మతు చేశారు. చెరువు నిండినప్పుడు తూము ఎంత లేపాలి, ఏ మడి తడిశాక ఏ మడికి మళ్లించాలి, కట్ట మీద తడి ఎక్కడ కనిపిస్తే భయపడాలి అన్నది మాత్రం మనుషుల దగ్గరే ఉన్న విద్య. కాగితం మీద ఎక్కించినవాళ్లు అరుదు.

అది తిరిగి రావాలంటే ముసలివాళ్లను అడగాలి, అడిగే తీరులో అడగాలి. "మీ కాలంలో ఎట్లుండేది?" అంటే, "ఏముంది నాయనా, కష్టమే" అని ఆగిపోతారు. "పొద్దున లేవగానే ముందు ఏం చేసేవారు?" అని అడగండి. "ఆ తర్వాత?" అని అడగండి. జవాబు చేతుల్లోంచి వస్తుంది. కర్ర ఎట్లా పట్టేవారో చూపిస్తారు, మోకు మీద ఎట్లా కూర్చునేవారో కూర్చుని చూపిస్తారు. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, రాత్రి దీపం ఆర్పాక పిల్లలకు వినిపించండి. వాళ్లు సగంలో నిద్రపోతే పోనీండి, మిగతా సగం రేపు. మోట కొట్టిన చేతులు, పుట్టి తోసిన చేతులు ఇప్పుడు ఎనభై ఏళ్ల చేతులు. వచ్చే దసరాకు ఊరికి పోయినప్పుడు అడుగుదాం అనుకోకండి, ఈ ఆదివారమే పోయి అడగండి.