రొద్దం నుంచి ధ్రువం దాకా

జనవరి 9
చెనక్కాయ పీకేసిన చేను, బోడిగా ఉంది. గాలి ఆడలేదు, మబ్బు తునకైనా లేదు. "సలి కాళ్లకు కాదు సామీ, మోకాళ్లకు పడతాది" అన్నాడు కాపలా పెద్దాయన. 1932లో ఎల్.ఎ. రామదాస్, ఎస్. ఆత్మనాథన్ థర్మామీటర్లతో చూపించిందీ ఇదే. ఇలాంటి రాత్రుల్లో అతి చల్లని గాలి నేలను అంటుకుని ఉండదు, జానెడో మూరెడో పైన ఉంటుంది. థర్మామీటరు తప్పు చూపించి ఉంటుందని చాలామంది కొట్టిపారేశారు.

జనవరి 10
ఆ చిక్కుముడి విప్పినవాళ్లలో ఒకరి ఇంటిపేరు రొద్దం. పెనుకొండ దగ్గరి ఊరే. రొద్దం నరసింహను (1933–2020) విమానాల శాస్త్రవేత్తగానే గుర్తుపెట్టుకున్నాం. ఎ.ఎస్. వాసుదేవమూర్తి, జె. శ్రీనివాసన్‌లతో కలిసి ఆయన 1993లో సిద్ధాంతం ప్రచురించారు. నేల, దానిపై గాలి రెండూ రాత్రంతా పరారుణ కిరణాలుగా వేడిని ఆకాశానికి వదిలేస్తుంటాయి. నేలకు అడుగు మట్టి నుంచి కొంత వేడి అందుతుంది. పైనున్న గాలికి ఆ ఆసరా లేదు. తర్వాత బెంగళూరులో కె.ఆర్. శ్రీనివాస్ బృందం గాలిలో తేలే దుమ్ముకణాలకూ ఇందులో పాత్ర ఉందంది. దుమ్ముకు మన దగ్గర కరువా!

జనవరి 17
ధ్రువాల్లో ఇలాంటి రాత్రి నెలల తరబడి సాగుతుంది. వేడికి జమ లేదు, అంతా ఖర్చే. ఎండ వచ్చాక కూడా కొత్త మంచు 80–90 శాతం తిప్పికొడుతుంది. వదులు మంచు నిండా గాలే కాబట్టి అడుగు వేడి పైకి రావడం కష్టం. మన పొడినేల గుణమూ కొంత అదే.

పైకి, కిందికి పోయే వేడిని పట్టడానికి సోనిక్ అనిమోమీటరు పెడతారు. సెకనుకు 10, 20 సార్లు గాలి నిలువు కదలికనూ ఉష్ణోగ్రతనూ నమోదు చేస్తుంది. రెండింటి హెచ్చుతగ్గులను గుణించి సగటు తీస్తారు. ధ్రువాల్లో దాని చేతుల మీదే మంచు పేరుకుని రీడింగులు పాడవుతాయి.

ఈ వేడి రాకపోకలను లెక్కగట్టడానికి మోనిన్, ఒబుఖోవ్ 1954లో ఇచ్చిన సూత్రాలు గాలి సుడులు తిరుగుతున్నంతసేపే బాగా పనిచేస్తాయి. సుడులు చచ్చిపోతే వాతావరణ మోడల్‌లో మంచు అదుపు లేకుండా చల్లబడిపోతుంది. అందుకని కొన్ని మోడళ్లలో గాలి కలిసే మోతాదును కావాలనే పెంచి ఉంచుతారు. అవసరమే కావచ్చు గానీ, నాకది దొంగలెక్కే.

మార్చి 28
చదరపు మీటరు నేల మీద రోజుకు ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే, రోజంతా సగటున 28 వాట్ల వేడి దానికే పోతుంది. ఈ నెలలో మన నేల దగ్గర నీళ్లేవి? ఆ వేడిలో చాలావరకు గాలికే.

మన పెనుకొండ దిక్కున ఏటా 550 మిల్లీమీటర్ల వాన అటూ ఇటూ. అంటార్కిటికా నడిమి పీఠభూమిలో ఏడాది మంచంతా కరిగించినా 50 మిల్లీమీటర్లు రావడం గగనం.

మార్చి 30
1989 నుంచి పనిచేస్తున్న మన మైత్రి కేంద్రం మంచు మీద లేదు, షిర్మాకర్ ఒయాసిస్సు రాళ్ల మీద ఉంది. 2012లో మొదలైన భారతి కూడా లార్స్‌మన్ కొండరాళ్ల మీదే. రాయి ఎండను తాగుతుంది. మంచు లెక్క తేలాలంటే పరికరాలు మోసుకుని హిమఫలకం మీదికి పోవాల్సిందే.