మలయాలో మన ఇంటివాళ్ళు

కౌలాలంపూర్, సోమవారం

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. రాత్రి విశాఖలో ఎక్కితే నాలుగు గంటల్లో ఇక్కడ దిగాను. ఇక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఫోను చేసేటప్పుడు గుర్తుపెట్టుకోమని వదినకి చెప్పు.

విమానంలో కూర్చున్నంతసేపూ చినతాత ప్రయాణమే తలపుకొచ్చింది. తోట కూలీగా మలయా రావడానికి ఆయన 1936లో మన ఊరి నుంచి రైల్లో మద్రాసు వెళ్ళాడని నాన్న చెప్పేవాడు కదా. మలయా వెళ్ళే కూలీలని మద్రాసు పక్కన ఆవడి క్యాంపులో ఉంచి, డాక్టరు పరీక్ష చేశాక ఓడ ఎక్కించేవారు. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, సింగపూర్ మధ్య తిరిగిన 'రజూలా' ఓడ పేరు మన చిన్నప్పుడు ఇంట్లో ఎంతగా వినేవాళ్ళమో! డెక్కు మీద చాప పరుచుకుని రోజుల తరబడి ప్రయాణం. దిగినా తిన్నగా పనిలోకి పోనిచ్చేవారు కాదు, పినాంగ్ పక్కన జెరెజాక్ దీవిలో క్వారంటైన్‌లో ఉంచేవారు.

నన్ను తీసుకెళ్ళడానికి నా హాస్టల్ స్నేహితురాలే వచ్చింది. యూనివర్సిటీలో నా జువాలజీ రికార్డుకి బొమ్మలు వేసిపెట్టిన మనిషి. పెళ్ళిళ్ళయ్యాక మా మధ్య ఉత్తరాలు తగ్గాయి, పిల్లలు పుట్టాక ఆగిపోయాయి. ఇప్పుడు కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో తనూ ఇక్కడే ఉంటోంది. కారెక్కిన దగ్గర్నుంచి మా బ్యాచ్‌లో ఒక్కొక్కరి పేరూ తీసి, ఎవరెక్కడున్నారో చెప్పుకున్నాం. పోయినవాళ్ళ పేర్ల దగ్గరికి వచ్చేసరికి అది నా చెయ్యి పట్టుకుంది.

చినతాత కూతురు, మన అత్త ఆచూకీ కనిపెట్టింది నా స్నేహితురాలి కొడుకే. నాన్న దాచిన పాత కవరు మీది తోట పేరు పట్టుకుని మొదట ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళని అడిగాడు. 1957లో ఈ దేశానికి స్వాతంత్ర్యం రాకముందే పుట్టిన సంఘం అది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ ఊళ్ళోనే. వాళ్ళు చెప్పినవాళ్ళనల్లా అడుగుతూ పోయి, చివరికి అత్త ఇంటి తలుపు తట్టాడు. అత్త అతనికి ఏమీ కాదు. తల్లి స్నేహితురాలి బంధువు, అంతే. స్నేహం ఎంత దూరం వెళ్ళి పని చేస్తుందో చూడు.

తెలుక్ ఇంతాన్, బుధవారం

అన్నయ్యా,

పొద్దున్నే బయల్దేరాం. దారి పొడవునా పామాయిల్ తోటలే. ఒకప్పుడు రబ్బరు ఉన్న నేలలు చాలావరకు ఇప్పుడు ఇలా మారిపోయాయి.

భోజనానికి ఈ ఊళ్ళో ఆగాం. బ్రిటిషు వాళ్ళ కాలంలో దీన్ని తెలుక్ ఆన్సన్ అనేవారు. నడిబొడ్డున ఒక పక్కకి ఒరిగిన గోపురం ఉంది. 1885లో కట్టారు. బయటికి ఎనిమిది అంతస్తులుగా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి మూడే. మొదట్లో ఊరికి నీళ్ళ ట్యాంకు అదేనట.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ పెరాక్ నది దిగువ ప్రాంతంలో ఇంతమంది తెలుగువాళ్ళు ఎలా చేరారన్నది. నా స్నేహితురాలి కొడుకు పరిచయం చేసిన ఒక పెద్దాయన కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. తోట దొర నమ్మకస్తుడైన కూలీకి డబ్బిచ్చి స్వదేశానికి పంపేవాడు. అతనే కంగాణి. కంగాణి తన ఊరివాళ్ళని, తన చుట్టాలని పోగుచేసుకుని తిరిగొచ్చేవాడు. అందుకే ఇక్కడి కొబ్బరి తోటల్లో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు గుంపులుగా స్థిరపడ్డారు. తోటలో రామమందిరం కట్టుకున్నారు, భజనలు చేసుకున్నారు, మనువులు కూడా తమలో తామే కలుపుకున్నారు.

1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసని ఆపేసింది. చినతాత వచ్చిన రెండేళ్ళకే అన్నమాట. కొత్తగా మనుషులు రావడం ఆగితే ఊరి కబుర్లు రావడమూ ఆగింది. తర్వాత మిగిలిన దారి జాబు ఒక్కటే.

బగాన్ దాతుక్, శుక్రవారం

అన్నయ్యా,

అత్తని చూశాను. గడప దగ్గర నిలబడి నా మొహంలోకి కాసేపు చూసి, "అయ్య ముక్కే నీది" అంది. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేకపోయాం.

ఊరు పెరాక్ నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఎటు చూసినా కొబ్బరి చెట్లు, మధ్యమధ్య కాలువలు. పొడవాటి వెదురు గడకి కొడవలి కట్టి కాయలు కోసేవారట. వాటిని కాలువ నీళ్ళలో తేల్చి కొట్టాం దగ్గరికి తెచ్చి, ఇనప గునపానికి గుచ్చి పీచు ఒలిచి, ఎండబెట్టి కొబ్బరి తీసేవారట. చినతాత చివరిదాకా చేసింది ఈ పనే.

యుద్ధం రోజుల్లో మూడేళ్ళకు పైగా ఆయన దగ్గర్నుంచి జాబు రాలేదని, పోయాడనుకుని మన ముత్తవ్వ ఏడ్చేదని నాన్న అనేవాడు. ఏం జరిగిందో అత్త నోట విన్నాను. 1943లో జపాను సైన్యం ఈ తోటల కూలీలని సయాం, బర్మాల మధ్య వేస్తున్న రైలుదారి పనికి పట్టుకుపోయింది. 415 కిలోమీటర్ల దారి, అడవిలో. కలరా, పుళ్ళు, ఆకలితో మనుషులు గుట్టలుగా పోయారు. చినతాతతో ఈ తోట నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఆయన కాలి మీద పుండు మానాక పడిన గుంట చచ్చిపోయేదాకా ఉందట. ఈ సంగతి ఆయన మనకి రాసిన ఏ జాబులోనూ లేదు. ఇంట్లోవాళ్ళు బెంగపెట్టుకుంటారని రాయలేదని అత్త చెప్పింది.

ఇంకో సంగతి. ఇక్కడ పౌరులకి నీలం గుర్తింపు కార్డు, పౌరసత్వం లేనివాళ్ళకి ఎర్ర కార్డు. చినతాత ఎర్ర కార్డుతోనే ఉండిపోయాడు. ఎప్పటికైనా ఊరికి తిరిగొస్తానని పౌరసత్వానికి పెట్టుకోలేదు. 1969లో పౌరులు కానివాళ్ళు పనిచెయ్యాలంటే పర్మిట్ ఉండాలన్నారు. అప్పుడు వేలమంది ఉన్నదంతా అమ్ముకుని ఓడలెక్కారు. ఈయనకి మాత్రం భార్యాపిల్లలు ఇక్కడ, మనసు అక్కడ. ఇంతలో తోట ముక్కలుగా అమ్ముడుపోయింది, ఇల్లు మారింది, చిరునామా మారింది. మన తాత రాసినవి వీళ్ళకి అందలేదు. వీళ్ళు రాసినవి మనకి చేరలేదు. 1973లో రజూలా కూడా ఈ దారిన తిరగడం ఆపేసింది. ఆ మరుసటి ఏడు చినతాత పోయాడు.

అత్త రేకు పెట్టె తెరిచి తాత రాసిన జాబులు చూపించింది. తోటలో తెలుగు బడి ఉన్న రోజుల్లో మూడు తరగతులు చదివింది కాబట్టి తను చదవగలదు. అత్త కొడుకు, మన బావ చదివింది తమిళ బడిలో, అతని కూతురు చదివింది మలయ్ బడిలో. నన్ను చదవమన్నారు. అందరూ చుట్టూ చేరారు. ఎద్దుల జత ఎంతకి కొన్నారో, నాగావళికి వరద ఎంత వచ్చిందో, నాన్నకి హైస్కూల్లో సీటు వచ్చిన సంగతి, మన పెద్దత్త పెళ్ళికి చినతాత పంపిన డబ్బు అందిన సంగతి... అన్నీ మామూలు కబుర్లే. బావ తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

బావ కూతురు నన్నేమని పిలవాలని అడిగింది. పెద్దమ్మా అనమంది అత్త. ఆ పిల్ల ఆదివారాలు తెలుగు క్లాసుకి వెళ్తోంది. రాత్రి నా పక్కన కూర్చుని నీ పేరు, వదిన పేరు, పిల్లల పేర్లు తెలుగులో రాసింది. గుణింతం ఎక్కడా తప్పలేదు.

పినాంగ్, మంగళవారం

అన్నయ్యా,

అత్త పట్టుబట్టి నాతో ఇక్కడిదాకా వచ్చింది. తండ్రి దిగిన రేవు నాకు చూపించాలని. 1985లో తెరిచిన పొడవైన వంతెన మీద వస్తుంటే బావ కారు నెమ్మది చేసి జెరెజాక్ దీవి చూపించాడు. అత్త చేతులు జోడించింది. నేనూ జోడించాను.

ఊరు అందంగా ఉంది. పాత వీధుల్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి, మసీదు, చీనావాళ్ళ ఆలయం దగ్గరదగ్గరగానే ఉన్నాయి. మిగతా విశేషాలు వచ్చాక చెబుతాను. ఇప్పుడు రాయవలసింది వేరే ఉంది.

మనింట్లో చినతాత మనల్ని మరిచిపోయాడన్నారు. ఇక్కడ తాత తమ్ముణ్ణి వదిలేశాడనుకున్నారు. రెండూ నిజం కాదు. మనుషుల మధ్య ప్రేమ ఉంది, చిరునామా లేకపోయింది. ఇన్నేళ్ళ ఎడబాటుకి కారణం అదొక్కటే. ఈ మాట మన చిన్నత్తకి, ఊళ్ళో మిగతా పెద్దవాళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పాలి.

చిన్నత్తని కూర్చోబెట్టి, చినతాత తరం నుంచి ఎవరికి ఎవరు పుట్టారో, ఏ ఊరికి కోడళ్ళై వెళ్ళారో పేర్లన్నీ రాయించు. ఆవిడ తర్వాత అవి చెప్పేవాళ్ళు మనలో లేరు. ఇక్కడి పేర్లు నేను రాసుకున్నాను, రెండూ కలిపి ఒక పుస్తకంలో ఎక్కిద్దాం. పొలం గట్టున చినతాత నాటాడని చెప్పే చింతచెట్టుకి ఫోటో తీయించి పంపు.

అత్త వచ్చే ఉగాదికి మన ఊరు వస్తానంటోంది. వయసు మీద పడింది, ఇంకో ఏడు చూద్దామనుకోవడానికి లేదు. ఫోనులో పిలిస్తే సరిపోదు, పుట్టింటివాడిగా నీ చేత్తో జాబు రాసి పిలువు. చిరునామా దీని వెనక రాశాను. అక్షరాలు కాస్త పెద్దగా రాయి, అత్త తనే చదువుకుంటుంది.

నీ చెల్లెలు